గరికకు చేసిన మర్యాద

అంగుళం నేల వదలకుండా వరి వేసే మా డెల్టాలో పచ్చిక బీడు దొరకడమే ఓ పరిశోధన. తొంభైల నడుమ బాటనీలో ఎం.ఫిల్. చేస్తూ, రామచంద్రపురం దగ్గర ఓ రైతుగారి కొబ్బరితోట పక్కన గరిక పెరిగిన కాస్త జాగా సంపాదించాను. గరిక వేళ్ళలో సన్నని బూజు ఒకటి కాపురముంటుంది. మట్టిలోని భాస్వరాన్ని వేరుకు తెచ్చిపెట్టి, బదులుగా చక్కెర పుచ్చుకుంటుంది. ఏ ఋతువులో ఆ బూజు ఎంత ఉంటుందో చూడడం నా పని. నెలకోసారి బస్సెక్కి వెళ్ళి నాలుగు దుబ్బులు పెకలించి తెచ్చి, వేళ్ళను ఉడకబెట్టి, నీలిరంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెట్టేదాన్ని.

వానాకాలమంతా వేళ్ళు బూజుతో కిటకిటలాడాయి. పుష్యమాసానికి దాదాపు ఖాళీ. మా గైడ్‌గారు పొంగిపోయారు. నేను తక్కువ తిన్నానా? చలికి బూజు ఎందుకు ముడుచుకుంటుందో నాలుగు పేజీలు దంచేశాను. మా వైపు చలంటే తెల్లవారుజామున దుప్పటి వెతుక్కోవడమే అన్న సంగతి మాత్రం రాయలేదు.

మాఘంలో వెళ్తే గరిక నిగనిగలాడుతోంది. రైతుగారు కొబ్బరిబొండం కొట్టి ఇచ్చారు.

"గడ్డి ఎలా ఉందండీ అమ్మాయిగారూ?"

"బాగుంది బాబాయిగారూ. ఏం చేశారేంటి?"

"అంత దూరం నుంచి వచ్చి మీరీ బక్కగడ్డి పట్టుకుపోతుంటే నాకే నామోషీగా ఉండేదండి. కార్తీకం వెళ్ళగానే నాలుగు దోసిళ్ళు సూపర్ చల్లానండి."

సూపరంటే భాస్వరం ఎరువే. అడక్కుండా నోటికందుతుంటే గరిక ఇక బూజునెందుకు మేపుతుంది? బొండం పక్కన పెట్టేశాను. ఏడుపొచ్చింది. ఆయన ముఖం చూస్తే తిట్టడానికి నోరు రాలేదు.

గైడ్‌గారికి చెప్పాను. "నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసమ్మా? పేజీలు బాగున్నాయి, ఉంచెయ్" అన్నారు. నాకూ ఉంచెయ్యాలనే ఉంది. తీసేస్తే ఏడాది కష్టం గోదాట్లో కలిసినట్టే. రెండు రోజులు ఆ పేజీలే తిరగేస్తూ కూర్చున్నాను. మూడోరోజు చించేశాను.

మళ్ళీ మొదటినుంచీ, ఎరువు పడని అవతలి చివర. ఈసారి రైతుగారిచేత ఒట్టు వేయించుకున్నాను. పాపం, ఆయన ఆ గరిక వైపు చూడడమే మానేశారు. పుష్యమాసం వచ్చింది. వేరు తెచ్చి, రంగు పట్టించి చూశాను. వానాకాలంలో ఉన్నట్టే, బూజు నిండుగా ఉంది.

ఆ నాలుగు పేజీలు ఎంత బాగా రాశానో! నిజం రాసినప్పుడు అంత ధీమా మళ్ళీ ఎప్పుడూ రాలేదు.