వాగొచ్చిన పొద్దున స్టార్ట్ కాని బండి

ఈ పొద్దున సాతంరాయిలో మా ఇంటి కింద ఎవరిదో పాత డీజిల్ వ్యాను స్టార్ట్ కాక చాలాసేపు గురగురలాడింది. స్టవ్ మీద చాయ్ పొంగిపోతున్నా నేను కదలలేకపోయాను. చివరికి ఇంజన్ అందుకుని అది వెళ్లిపోయాకే ఊపిరి పీల్చుకున్నాను. పిల్లలు నవ్వారు. కొత్వాల్‌గూడలో మేమున్న ఆ వానాకాలం వాళ్లకు తెలియదు.

అప్పట్లో హిమాయత్‌సాగర్ దిగువన, వాగుకు దగ్గరగా, బర్రెల కొట్టం పక్కన రెండు గదుల్లో ఉండేవాళ్లం. మా ఆయన ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే పనికి పోయేవారు. ఇంటికి పెద్ద మా బావగారు, అంటే మా ఆయనకు అన్న. ఆయన గడ్డి తోలే డీజిల్ ట్రక్కు చలిపొద్దున లేవాలంటే మా అత్తమ్మ ప్రార్థన మొదలుపెట్టి ముగించేంత సేపు పట్టేది. చల్లటి ఇంజన్‌లో డీజిల్ అంటుకోవాలంటే ముందు హీటర్ ప్లగ్గులు లోపల ఎర్రగా కాగాలనీ, అవి పాడయ్యాయనీ శంషాబాద్ మెకానిక్ చాచా రెండేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. బావగారు మాత్రం, "బండి గూడ మనలెక్కనే, లేవనీకి జర బద్ధకం" అని దాన్నే వెనకేసుకొచ్చేవారు. నేను ఆయనతో ఎదురుపడి మాట్లాడేదాన్ని కాదు. ఏదైనా చెప్పాల్సి వస్తే అత్తమ్మ ద్వారానే.

మూడు రోజుల ముసురు తర్వాత ఒక పొద్దున, ఆటోలో మైకు పెట్టుకుని ఒకతను వచ్చాడు. "గేట్లు ఎత్తుతున్రు, వాగు పక్కనోళ్లు పైకి పోవాలె." మా ఆయన డ్యూటీలో ఉన్నారు. చుట్టుపక్కల వాళ్లు చూస్తుండగానే వెళ్లిపోయారు. బావగారూ నేనూ బర్రెలను విప్పి, ఎత్తు మీద రోడ్డున్న గట్టు వైపు తోలాం. తుంటి విరిగి ఆపరేషన్ అయిన అత్తమ్మను ఇద్దరం ఎత్తి ట్రక్కు క్యాబిన్‌లో పడుకోబెట్టాం. ఆ గట్టు దాకా బురదలో ఆమెను మోసుకుపోవడం మా వల్ల అయ్యే పని కాదు.

బావగారు తాళం తిప్పారు. ఇంజన్ మూలిగింది, తెల్లటి పొగ వదిలింది, అందుకోలేదు. మళ్లీ తిప్పారు. ఈసారి మూలుగు ఇంకా సన్నబడింది. కొట్టం గోడ కింద నుంచి ఎర్రనీళ్లు చడీచప్పుడు లేకుండా వచ్చి నా పాదాలను తాకాయి. వాగంటే హోరుమంటూ వస్తుందనుకున్నాను. అంత మెల్లగా రావడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆయన బానెట్ ఎత్తి, వైర్లున్న చిన్న బల్బుతో నాలుగు ప్లగ్గులనూ ఒక్కొక్కటిగా చూశారు. రెండింటికి బల్బు వెలిగింది, అంటే అవి బాగున్నట్టే; రెండింటికి వెలగలేదు. వెలిగినవాటికి కూడా తాళం తిప్పితే కరెంటు రావడం లేదు. దాన్ని పంపే రిలే కాలిపోయింది. బ్యాటరీకి ఒక లావు వైరు బిగించి, రెండో కొస నాకిచ్చారు. "ప్లగ్గులను కలిపే ఈ ఇనుప పట్టీకి ఆనిచ్చి పట్టు బిడ్డా. ఇరవై లెక్కపెట్టినంక నేను సెల్ఫ్ కొడ్త."

"కరెంటు కొడ్తదా బావా?" అన్నాను. ఆయనతో నేను నేరుగా మాట్లాడిన మొదటి మాట అది.

"కొట్టది. వైరు కాల్తది. ఇడవకు."

వైరు కొసకు పొడి గుడ్డ చుట్టి ఆనించాను. నిప్పురవ్వలు లేచాయి. క్యాబిన్‌లో అత్తమ్మ నాతోపాటు పైకి లెక్కపెడుతోంది, మధ్యలో "ప్రభువా" అంటూ అంకె మరిచిపోతోంది. గుడ్డలోంచి వేడి తెలిసింది. నీళ్లు పిక్కల దాకా వచ్చాయి. ఇరవై అయ్యాక ఆయన తాళం తిప్పారు. ఒక దడ, మళ్లీ ఏమీ లేదు. వేడికి వైరు జారింది, మళ్లీ ఆనించాను. ఆయన ఇంకోసారి తిప్పేసరికి బండి మొత్తం ఊగిపోతూ కుంటికుంటిగా అందుకుంది. ఆ తెల్లపొగలో దగ్గుతూనే ఏడ్చేశాను.

గట్టు మీద రోడ్డెక్కాక కూడా బావగారు ఇంజన్ ఆపలేదు. మధ్యాహ్నానికి మా కిటికీల అంచుదాకా నీళ్లు నిలిచాయి. బర్రెలు దొరికాయి, ఒక దూడ దొరకలేదు. వారం తర్వాత చాచా నాలుగు ప్లగ్గులూ, రిలే మారుస్తూ, "దో సాల్ నుంచి చెప్తున్న గదా భాయ్" అన్నాడు. బావగారు తల దించుకుని నిలబడ్డారు. ఆ రోజు నుంచి ఆయన బండి సంగతులన్నీ నాతోనే చెప్పేవారు.

బావగారూ లేరు, అత్తమ్మా లేదు. ఆ భయం ఆ పూటతోనే పోయిందనుకున్నాను. ఇన్నేళ్లుగా అది నాతోపాటే పెద్దదవుతూ వస్తోందని ఇప్పుడు తెలుస్తోంది.