బ్యాటరీ లేని ఫోను తీసిన ఫొటోలు

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఉంటే నా వ్యాపారం సాగదు. నరసాపురంలో రేవుకు వెళ్లే దారిలో ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు నాది. "డెడ్ అయిపోయిందండీ" అంటూ రోజూ ఎవరో ఒకరు ఒక శవాన్ని తెచ్చి బల్ల మీద పెడతారు. కొన్ని లేస్తాయి, కొన్ని లేవవు. లేచినవాటికి నేనెప్పుడూ జడుసుకోలేదు. లేవనివాటి తాలూకు మనుషులు మాత్రం నన్ను వదల్లేదు. దెయ్యాలతో నా పరిచయం అంతవరకే.

చదువు కూడా అంతంతమాత్రమే. ఏ జబ్బుకైనా నా మొదటి మందు, ఫోను ఆపి మళ్లీ ఆన్ చెయ్యడం. రెండో మందు, అదే మరోసారి. సింక్ అంటే మా ఆవిడ లెక్కలో గిన్నెలు తోమే చోటు, నా లెక్కలో ఫోన్లు మాట్లాడుకునే చోటు. మా ఇంట్లో రెండూ ఎప్పుడూ నిండిపోయే ఉంటాయి.

నాగలక్ష్మి గారు పంటు మీద, అంటే రేవు పడవ మీద, గోదావరి దాటి వచ్చారు. అవతలి ఒడ్డున ఒక ఊళ్లో ఉంటారు. భర్త రొయ్యల చెరువు దగ్గర కాపలా, వారానికోసారి గాని ఇంటికి రాడు. పిల్లలు లేరు. అత్తగారు సూరమ్మ గారు ఆ వానాకాలమే పోయారు. కోడలు తెచ్చిన అత్తగారి పాత ఫోను అప్‌డేట్ మధ్యలో ఆగిపోయింది. తెర మీద గుండ్రంగా తిరుగుతుంది, ఆరిపోతుంది, మళ్లీ తిరుగుతుంది.

ఆ ఫోను నాగలక్ష్మి గారికి ఎందుకంత అవసరమో చెప్పాలి. మా వైపు ఆడవాళ్లు లేసు అల్లుతారు. పువ్వులు ఎవరింట్లో వాళ్లు అల్లుతారు. ఆ పువ్వులన్నిటినీ చేర్చి, మధ్యలో దారంతో జాలీ అల్లుతూ ఒకే గుడ్డగా కలపడాన్ని అతుకు పని అంటారు. అది అందరికీ రాదు. అతుకు వచ్చిన మనిషి గుమ్మానికే పువ్వులు చేరతాయి, లేసు కొనే ఏజెంటు చేరతాడు, మర్యాదా చేరుతుంది. సూరమ్మ గారు ఆ చుట్టుపక్కల అతుకులకు పేరుపడ్డ మనిషి. కోడలికి మాత్రం ఒక్క ముడి చూపించలేదు. కోడలు గదిలోకి వస్తే గోడవైపు తిరిగి కూర్చునేవారట. "నీ చేతులు గిన్నెలకు బాగా పనికొస్తాయమ్మా" అని నలుగురిలో అన్న దగ్గర్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే వంటింట్లో రెండు పొయ్యిలు.

చూపు తగ్గాక సూరమ్మ గారు ప్రతి అతుకునూ ఫోనులో ఫొటో తీసి, వేళ్లతో పెద్దది చేసి తప్పులు వెతికేవారు. ఒక పెద్ద దుప్పటి సగం అతికి కన్నుమూశారు. ఏజెంటు వచ్చి మొహమాటం లేకుండా చెప్పాడు: ఈ దుప్పటి మిగతా సగం కుదిరితే అతుకు పని ఆ ఇంట్లోనే ఉంటుంది, లేకపోతే పాలకొల్లు వైపు వెళ్లిపోతుంది. నాగలక్ష్మి గారు దొంగచాటుగా చూసి ఎంతో కొంత నేర్చుకున్నారు. ఆ ఫొటోలు దొరికితే మిగతాది పట్టుకోగలరు.

ఫోను విప్పితే బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. నా దగ్గరున్న కరెంటు పెట్టెకు కలిపి, లోపల చోటు ఖాళీ చేసి, తప్పుగా ఉన్న తేదీ సరిచేసి అప్‌డేట్ పూర్తి చేయించాను. తేదీ తప్పయితే ఏ ఫోనూ సింక్ కాదు. ఆ తర్వాత అత్తగారి ఖాతా కోడలి కొత్త ఫోనులో తెరిచాను. ఫొటోలు దిగాయి. గుడి, చేపలు, పక్కింటి పెళ్లి, అన్నీ. లేసు ఫొటో ఒక్కటీ లేదు. చెత్తబుట్టలోనూ లేదు.

"పోతూ పోతూ తుడిచేసి పోయింది," అన్నారు నాగలక్ష్మి గారు. ఆ గొంతులో ఏడుపు లేదు.

పాత ఫోను నా దగ్గరే ఉంచమన్నారు. ఇంట్లో పెట్టుకోవడం ఇష్టం లేదట. ఉబ్బిన బ్యాటరీ తీసి పారేసి, ఫోనును సొరుగులో పడేశాను. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత నా మీదికే వచ్చింది.

ఆవిడ తనకు తోచినట్టు అతకడం మొదలుపెట్టారు. కొద్దిరోజులకే గాలివానలా వచ్చి తన ఫోను నా ముక్కు ముందు పెట్టారు.

"ఏంటండీ ఇది? మా ఇంట్లోకొచ్చి ఫొటోలు తీస్తున్నారా?"

తెర మీద లేసు. ఒక పువ్వు దగ్గరకు జూమ్ చేసి ఉంది. అంచున ఆవిడ బొటనవేలు, చేతిలో సూది. తీసిన తేదీ ఆ రోజుదే. తీసిన ఫోను పేరు చూస్తే, సూరమ్మ గారి పాత ఫోను. తీసిన కోణం, కిటికీ పక్కన పెట్టె మీద అత్తగారు కూర్చునే చోటు నుంచి అని ఆవిడే చెప్పారు.

సొరుగు లాగి ఫోను చూపించాను. వెనక మూత లేదు, బ్యాటరీ ఉండాల్సిన చోట ఖాళీ. ఆవిడ ఆ ఖాళీని చాలాసేపు చూశారు. నన్ను కూడా అలాగే చూశారు. నిజం చెప్పాలంటే, నా తెలివితేటల మీద అంత అనుమానం అంతకుముందు మా ఆవిడకు మాత్రమే ఉండేది.

"ఫొటోలో పువ్వు ఏమైందమ్మా?" అనడిగాను.

"తిరగబడింది. వెనకవైపు పైకి పెట్టి అతికేశాను," అన్నారు పళ్ల మధ్య నుంచి. లేసు పువ్వుకు ముందు, వెనక దాదాపు ఒకేలా ఉంటాయి. అల్లేవాళ్లకు తప్ప తేడా తెలియదు. నాకైతే ఆవిడ వేలు పెట్టి చూపించాక కూడా తెలియలేదు.

నాకు తెలిసిన మందులన్నీ వేశాను. ఖాతా నుంచి పాత ఫోనును తొలగించాను. పాస్‌వర్డ్ మార్చాను. కొత్త ఫోనులో సింక్ ఆపేశాను. అయినా ఫొటోలు వచ్చాయి. ఆవిడ తప్పు చేసిన ప్రతిసారీ ఒకటి. బిగువు ఎక్కువైన జాలీ. అల్లకుండా వదిలేసిన గొలుసు కుట్టు. బాగా కుదిరిన అతుకులకు ఒక్క ఫొటో కూడా రాలేదు. కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే, ఆపి మళ్లీ ఆన్ చెయ్యమన్నారు. నా మందు నాకే పోశారు.

ఫొటో వచ్చిన చోటల్లా ఊడదీసి అతకడంతో దుప్పటి ముందుకు కదల్లేదు. ఆవిడ కళ్ల కింద నల్లబడింది. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ఆవిడ భుజం మీదుగా తీసిన ఫొటో వచ్చింది. ఆ పెట్టె తీసుకెళ్లి పశువుల పాకలో పెడితే, మర్నాడు ఇంకా దగ్గరి నుంచి వచ్చింది. ఏజెంటు ఇంక ఆగనన్నాడు.

ఆ మధ్యాహ్నం వాన పడుతుండగా నాగలక్ష్మి గారు ఒక సంచీ ఒళ్లో పెట్టుకుని నా కొట్లో కూర్చున్నారు.

"అన్నయ్యగారూ, సింక్ అంటే అటునుంచి ఇటేనా? ఇటునుంచి అటు కూడా వెళ్తుందా?"

"రెండు వైపులా వెళ్తుందమ్మా."

సంచీలోంచి ఒక పాత బల్లగుడ్డ తీసి పరిచారు. పసుపు తిరిగిన దారం. సూరమ్మ గారు పడుచుతనంలో అతికింది, వచ్చిన ప్రతివాళ్ల ముందూ పరిచి కోడలికి వినబడేలా గొప్ప చెప్పుకున్నది. పొద్దుటి నుంచి నాగలక్ష్మి గారు దాన్ని అంగుళం అంగుళం వెతికారట. ఒక మూల పువ్వు మీద వేలు పెట్టారు.

"తిరగబడింది."

దానికి ఫొటో తీశారు. వేళ్లతో పెద్దది చేశారు. నన్ను సింక్ ఆన్ చెయ్యమన్నారు. చేశాను.

"వెళ్లిందా?"

"వెళ్లిందమ్మా."

ఆవిడ నా సొరుగువైపు తిరిగారు. ఏళ్ల తర్వాత అత్తగారితో అన్న మొదటి మాట అదే అనుకుంటాను.

"చూసుకోండి అత్తయ్యా. తీరిగ్గా చూసుకోండి."

వానలో తడుస్తుందని ఆ గుడ్డ నా దగ్గరే వదిలి పంటు ఎక్కారు. సంచీ మూతి కట్టి అలమరలో పెట్టాను. షట్టర్ నేనే దించాను. తాళంచెవి నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ వచ్చారు. తాను పంపిన ఫొటో తన ఫోనులో లేదట. ఖాతా తెరిచి చూశాను. అందులోనూ లేదు, చెత్తబుట్టలోనూ లేదు. దానితోపాటు అత్తగారు పంపిన తప్పుల ఫొటోలూ ఒక్కటి మిగల్లేదు.

సంచీ విప్పి గుడ్డ పరిచాం. ఆ మూల పువ్వు సరిగ్గా ఉంది. ముందువైపు పైకి. దాని చుట్టూ జాలీ తెల్లగా, కొత్త దారంతో, పసుపు తిరిగిన గుడ్డ మధ్యలో మెరుస్తోంది. సంచీ అడుగున ఊడదీసిన పాత దారం ముక్కలు.

నేను బల్ల దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాను. నాగలక్ష్మి గారు మాత్రం వంగి, గోటితో ఆ అతుకు చుట్టూ గీరి చూశారు.

"ముడి పైకి కనబడుతోంది," అన్నారు. గుడ్డ మడిచి సంచీలో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఫొటోలు రాలేదు. దుప్పటి పూర్తయింది, ఏజెంటు తీసుకున్నాడు, అతుకు పని ఆ ఇంట్లోనే ఉంది. సర్వర్లో ఏదో తేడా అయి ఉంటుందని అడిగినవాళ్లకి చెబుతుంటాను. ఫొటోల సంగతి అలా సరిపెట్టుకోవచ్చు. గుడ్డ సంగతే ఎటూ తేలదు. నా కొట్లో స్క్రూడ్రైవర్లున్నాయి, జిగురుంది, పాత చార్జర్లున్నాయి. లేసు సూది లేదు, తెల్ల దారం లేదు.