అమ్మమ్మ ఇటుకల ఆట

కాప్రా చెరువు గట్టుకు అవతల ఎవరో పాత వైర్లు తగలబెట్టి రాగి తీసుకుంటూ ఉంటారు. సాయంత్రం గాలి మావైపు తిరిగిందంటే ఆ కాలిన ప్లాస్టిక్ వాసన బాల్కనీ దాటి వంటింట్లోకి, ఆరేసిన బట్టల్లోకి, ఆఖరికి మూతపెట్టిన అన్నంలోకి కూడా చేరుతుంది. ఇరుగుపొరుగు వాళ్లు ముక్కులు మూసుకుని మున్సిపాలిటీని తిడతారు. నేను మాత్రం కిటికీలు దబదబా వేసేసి కాసేపు ఎవరితోనూ మాట్లాడను. మా ఆయన అలవాటు పడిపోయాడు, అడగడం కూడా మానేశాడు. ఇన్నేళ్లయినా ఆ వాసనకి నాకు ఒళ్లు మండుతుంది.

నా చిన్నప్పుడు మేం సీతాఫల్‌మండిలో, రైలు పట్టాలకు కూతవేటు దూరంలో, రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. గూడ్సు బండి వెళ్లినప్పుడల్లా అలమరాలో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి గుద్దుకునేవి. ఎండాకాలం ఆవకాయ కారం ఘాటు, వానాకాలం గోడల చెమ్మ, చలికాలం మొదలవగానే మోండా మార్కెట్ నుంచి సంచుల్లో దిగే మైదా, ఎండు కొబ్బరి, యాలకుల వాసన, ఇలా ఏ నెల నడుస్తోందో ఆ ఇంట్లో ముక్కుతోనే తెలిసిపోయేది. డాడీ ఆఫీసులో గుమాస్తా, చర్చిలో సంఘ పెద్ద. శనివారం సాయంత్రమే తెల్ల చొక్కాకి గంజిపెట్టి ఇస్త్రీ చేసుకుని, మర్నాటి పాటలు సన్నగా పాడుకుంటూ తిరిగేవారు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకింత బాధ లేకపోను.

అమ్మమ్మ బాపట్ల వైపు మిషన్ బడిలో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. నేను నాలుగో తరగతిలో ఉండగా పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోతే, మమ్మీ ఒక్కతే కూతురు కాబట్టి, ట్రంకు పెట్టెతో సహా మా ఇంటికి వచ్చేసింది. బడి మొత్తాన్నీ ఒక్క బెత్తంతో గడగడలాడించిన మనిషి, మా ఇంట్లో డాడీ చెప్పుల చప్పుడు వినపడగానే కుర్చీలోంచి లేచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, వంటింటి గుమ్మం వెనక్కి వెళ్లిపోయేది. కూరలో ఉప్పు చాలకపోయినా అడిగేది కాదు, రెండో కప్పు టీ కావాలంటే నా చెవిలో చెప్పేది. "అల్లుడింట్లో ఉన్న ముసిల్దానికి నోరుండకూడదే" అనేది, నవ్వుతూనే. డాడీ ఆమెను ఒక్క మాట అన్నది లేదు, నిజమే. అలాగని కూర్చోమన్నదీ లేదు.

వేళ్లు ఆడించాలని డాక్టరు రబ్బరు బంతి ఇచ్చాడు. అమ్మమ్మ రెండుసార్లు నొక్కి, "ఛీ, ఇదేం పని, పిండి పిసికినట్టు" అని మంచం కిందికి దొర్లించేసేది. ఆ వేసవిలోనే నేను క్లాసులో ఫస్టు వచ్చానని డాడీ స్వయంగా వీడియో గేమ్ కొనుక్కొచ్చారు. టీవీకి తగిలించే బూడిదరంగు పెట్టె, తీగలున్న రెండు రిమోట్లు, పసుపుపచ్చని క్యాసెట్టు. ఆట ఆగిపోతే క్యాసెట్టు ఊడదీసి, ఉఫ్ఫుమని ఊది మళ్లీ పెట్టడం అప్పట్లో మా వీధి పిల్లలందరికీ వచ్చిన వైద్యం. శనివారం ఒక్క గంట ఆడుకోవచ్చని, ఆదివారం టీవీ మీది లేసుగుడ్డ తియ్యనేకూడదని డాడీ రూలు పెట్టారు. మిగతా రోజుల మధ్యాహ్నాలకి రూలు పెట్టడం ఆయన మర్చిపోయారు.

ఆ మధ్యాహ్నాలన్నీ నావీ అమ్మమ్మవీ. బడులు తెరిచాక నాది పొద్దుటి షిఫ్టు, మమ్మీ తను పాఠాలు చెప్పే స్కూల్లో, డాడీ ఆఫీసులో. పైనుంచి ఒక్కో ఆకారంలో ఇటుకలు పడుతుంటే వాటిని తిప్పి సందుల్లో సర్దడం, వరస నిండితే అది మాయమవడం, అదీ ఆట. మొదట్లో ఆమె ఎడం చేత్తో ఆడేది. తర్వాత నేను రిమోట్‌ని ఆమె కుడి అరచేతిలో పెట్టి, కింద నా చెయ్యి ఆసరా పెట్టాను. "అదుగోనే, వంకర సచ్చినోడు మళ్లీ తగలడ్డాడు! పొడుగోడు మాత్రం అవసరానికి రాడు, మన చుట్టాల్లాగా" అంటూ టీవీని తిట్టేది. వానలు పడే రోజుల్లో బొటనవేలు కదిలింది. సీతాఫలాలొచ్చే వేళకు చూపుడువేలు మీట మీద టకటకా ఆడుతోంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎవరూ లేని ఇంట్లో కూడా గట్టిగా అరవకుండా నవ్వుకున్నాం.

ఆ క్రిస్మస్ నాకు బాగా గుర్తు. కేకు పిండి గిన్నెలో కలిపి, పైన గుడ్డ కట్టి, వీధి చివరి బేకరీకి మోసుకెళ్లి మా వంతు కోసం నిలబడితే, పొయ్యి వేడికి ముందు వైపు చెమటలు, వెనక వైపు చలి. ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ స్టవ్వు ముందు పీట వేసుక్కూర్చుని, పండగకి చేసే గులాబీ పువ్వుల పిండివంట అచ్చుని కుడి చేత్తో పట్టుకుని, పిండిలో ముంచి, కాగే నూనెలో దించి, మణికట్టు ఆడించి పువ్వుని వదిలిస్తోంది. మమ్మీ గుమ్మంలో నిలబడి ఏడ్చేసింది. డాడీ అక్కడికక్కడే మోకాళ్లూని, రోజూ రాత్రి తాను చేసిన ప్రార్థన దేవుడు విన్నాడని స్తోత్రం చెప్పారు. అమ్మమ్మ నావైపు చూసి కన్నుగీటింది.

చలి తగ్గుతుండగా స్కూలు గ్రౌండులో షామియానా వేసి ఉజ్జీవ కూటాలు, అంటే భక్తిని రగిలించే ప్రార్థన సభలు, పెట్టారు. ఎక్కడినుంచో వచ్చిన ప్రసంగీకుడు పేపరు కత్తిరింపులు చూపిస్తూ, వీడియో గేమ్‌ల వల్ల పిల్లలు హంతకులవుతున్నారని, ఫలానా దేశం వాటిని నిషేధించిందని, ఇంకో దేశం అంగళ్లలో అమ్మనివ్వడం లేదని గర్జించాడు. అందులో కొంత నిజమే. నరుక్కునే ఆటలు ఉండేవి, వాటిని ఆపిన దేశాలూ ఉండేవి. ఏ ఆటో, ఎందుకో ఆయనకు అక్కర్లేదు. చివరి రోజు సాయంత్రం ఇళ్లలోని శాపగ్రస్తమైన వస్తువులన్నీ తెచ్చి దహించమన్నాడు. సంఘ పెద్ద ఇంటి నుంచి ఏదో ఒకటి రాకపోతే ఎలా?

డాడీ కూరగాయల సంచిలో పెట్టె, రిమోట్లు, క్యాసెట్టు సర్దుతుంటే నేను ఆయన కాళ్లు పట్టుకుని ఏడ్చాను. అమ్మమ్మ గుమ్మం వెనక నుంచి, నేనెన్నడూ విననంత చిన్న గొంతుతో, "బాబుగారండీ, పిల్ల బెంగెట్టుకుంటదండీ, పోనీ ఉంచరాదూ" అంది.

"మీకు తెల్వదు అత్తమ్మా, జెర ఊకోండ్రి. దేశాలకు దేశాలే బంద్ వెట్టినయ్. మన ఇంట్ల ఉంటే ఎట్ల?"

 నా చెయ్యి బాగైంది దాంతోనేనండీ, అని ఆమె ఒక్క మాట అంటే సరిపోను. అనలేదు. నేను నోరు తెరవబోతే నా భుజం నొక్కింది, ఆ కుడి చేత్తోనే. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటారే, అది నా కళ్ల ముందు జరిగింది.

అంతటితో ఆగితే బాగుండు. ఆ సాయంత్రం స్వస్థత పొందినవాళ్లు సాక్ష్యం చెప్పాలన్నారు. డాడీ అమ్మమ్మని స్టేజీ మీదికి నడిపించి, ఆమె కుడి చెయ్యి పైకెత్తి చూపించారు. ఆమె మైకు ముందుకి జరిగి, "నా చెయ్యి బాగయింది. దేవుడికి స్తోత్రం. ఎట్టా బాగు చేశాడో ఆయనకి తెలుసు, నా మనవరాలికి తెలుసు" అంది. గ్రౌండంతా హల్లెలూయా అని హోరెత్తింది. స్టేజీ పక్కన మండుతున్న సినిమా క్యాసెట్ల కుప్ప మీద మా పెట్టె ముడుచుకుపోతూ నల్లటి పొగ వదులుతోంది.

ఎండలు ముదిరేసరికి ఆమె వేళ్లు బిగుసుకోవడం మొదలైంది. డాడీ మళ్లీ రబ్బరు బంతి తెచ్చారు, ప్రార్థనలు పెంచారు, ఉపవాసాలున్నారు. ఆ బంతి మీదికి ఆమెకు మనసు పోదని, ఆట ఉంటేనే ఆ వేళ్లు ఆడతాయని ఎవరు చెప్పాలి? మరుసటి క్రిస్మస్‌కి గులాబీ పువ్వులు మమ్మీ వేసింది. సగం అచ్చుకే అంటుకుని చిరిగిపోయాయి. చర్చి ఆడవాళ్లు పరామర్శకొచ్చి, విశ్వాసం సన్నగిల్లితే పొందిన స్వస్థత నిలవదమ్మా అని ఆమె మొహం మీదే అనేసి పోయారు. ఆమె తలూపింది. నేను ఇంటర్‌లో ఉండగా పోయింది. శవపెట్టెలో పడుకోబెట్టి బైబిలు చేతికిద్దామని చూస్తే పిడికిలి విడిపోలేదు, పక్కన పెట్టారు.

ఇప్పుడు నా ఉద్యోగం ఏమిటో వింటే నవ్వొస్తుంది. అమ్మకానికి వెళ్లే ముందు వీడియో గేమ్‌లను దేశదేశాల నిబంధనలకు సరిపోయాయో లేదో చూసే పని. ఒక దేశానికి నెత్తురు ఆకుపచ్చగా ఉండాలి, ఇంకో దేశానికి ఎముకల గూళ్లు కనపడకూడదు, ఒకచోట పాచికలు పనికిరావు, మరోచోట సారా సీసా పళ్లరసం అయిపోవాలి, శిలువ కనపడకూడని చోట్లూ ఉన్నాయి. కొన్నింటికి అర్థముంది, కొన్నింటికి లేదు. కానీ ఎంత మొండి దేశమైనా ఏం తప్పో చెబుతుంది, జవాబు చెప్పుకునే వీలిస్తుంది. ఇటుకలు సర్దే ఆటను నిషేధించిన దేశం ఇన్నేళ్లలో నాకు తగల్లేదు. ఆ ఆట ఇవాళ ప్రతి ఫోన్‌లోనూ ఊరికే దొరుకుతుంది. సీతాఫల్‌మండి ఇంటి చోట అపార్ట్‌మెంట్ లేచింది, పిండి గిన్నెలు తీసుకునే బేకరీ మూతపడింది, టీవీని పట్టుకుని చుట్టాలను తిట్టినట్టు తిట్టే మనిషి లేదు.

మొన్న ఆదివారం చర్చి నుంచి డాడీ మా ఇంటికి భోజనానికొచ్చారు. ముసలితనం వచ్చేసింది, చొక్కాకి గంజి మాత్రం తగ్గలేదు. "బిడ్డా, వచ్చే వారం సాక్ష్యం చెప్పు. ఆటలల్ల పాపం తీసేసే నౌకరీ దేవుడిచ్చిండని చెప్పు. అందరు సంతోషపడ్తరు" అన్నారు.

చేతిలో గరిటె పక్కన పెట్టి మొత్తం చెప్పాను. మధ్యాహ్నాలు, బొటనవేలు, చూపుడువేలు, స్టేజీ మీద ఆమె అన్న మాటకు అర్థం, అన్నీ. ఆయన కలుపుతున్న అన్నం వదిలేసి కంచం పక్కకి జరిపారు. కళ్లు తడిశాయి కూడా.

"గిదంత నాకేం తెల్సు? ఆమె అప్పుడే చెప్పొచ్చు గద. నేనేమన్న కాదంటుంటినా?"

"మీ ఇంట్లో ఉండి, మీతోనా డాడీ?"

"నా ఇల్లేంది బిడ్డా? ఆమెకు సుత అది సొంత ఇల్లే గద" అన్నారు.

ఆ ఒక్క మాట ఆమె బతికుండగా ఆమెతో ఎన్నడూ అనలేదు.