పానా చేతికివ్వకూడదు

మా ఇంట్లో ఇనుము చేతికివ్వరు. ఉప్పు, మిరపకాయలు చేతికివ్వని ఇళ్ళు మా వైపు చాలా ఉన్నాయి గానీ, మా అత్తగారి పట్టింపు ఇనుముతో మొదలవుతుంది. కత్తి, కత్తెర, చివరికి గోళ్ళు తీసుకునే కట్టరు కూడా కింద పెట్టాలి. అవతలివాళ్ళు వంగి తీసుకోవాలి. చేతికిస్తే ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ గొడవలొస్తాయట. నేను కోడలిగా వచ్చినప్పటి నుంచి మేమిద్దరం ఒకరికొకరం సూది కూడా చేతికిచ్చుకోలేదు. అయినా మాకు గొడవ లేని రోజు లేదు. పోపులో ఇంగువ ఎంత వెయ్యాలన్న దగ్గర్నుంచి వీధి లైటు ఎవరు ఆపాలన్న దాకా వాదించుకుంటూనే ఉంటాం. ఒకసారి ఉండబట్టలేక ఈ సంగతి ఆవిడతోనే అన్నాను.

"చేతికిచ్చుకుని ఉంటే ఇంకెంత ఉండేదో ఆలోచించుకో" అన్నారు.

నేను కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. అక్కడ కూడా ఇలాంటి వాదనలు చాలానే ఉన్నాయి గనక ఊరుకున్నాను.

ఇల్లు నందిగామలో, కాలేజీ జగ్గయ్యపేటలో. రోజూ హైవే మీద ఒక్కదాన్నే పాత కారులో వెళ్ళొస్తాను. ఒకరోజు సాయంత్రం పేట నుంచి వస్తుంటే టైరు పంక్చరైంది. పక్కకు ఆపి, నందిగామలో పురుగుమందుల షాపులో ఉన్న మా ఆయనకు ఫోన్ చేశాను. "డోర్లు లాక్ చేసుకుని కూర్చో, కదలొద్దు. మనిషిని పంపిస్తున్నా" అన్నారు. కూర్చున్నాను. ముక్త్యాల నుంచి సిమెంటు వేసుకొచ్చే లారీలు పక్క నుంచి పోతుంటే కారు ఉయ్యాలలా ఊగుతోంది. బండి మీద ఇద్దరు కుర్రాళ్ళు నెమ్మదించి చూసి వెళ్ళారు. మళ్ళీ తిరిగొచ్చి చూశారు. ఏమీ అనలేదు, ఏమీ చెయ్యలేదు, వెళ్ళిపోయారు. కానీ నేను డోర్లు లాకయ్యాయో లేదో మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను.

చీకటి పడ్డాక మా ఆయన పంపిన మనిషి వచ్చి, టీ మరిగేంత సేపట్లో చక్రం మార్చేసి వెళ్ళాడు. అప్పుడు నాకు భయం పోయి కోపం వచ్చింది. జాకీ, నట్లు విప్పే పానా, స్టెప్నీ అన్నీ డిక్కీలోనే ఉన్నాయి. వాటిని వెనక పెట్టుకుని ముందు సీట్లో తాళాలేసుకుని కూర్చున్నది నేను. ఇంకోసారి ఇలా కూర్చోకూడదనుకున్నాను. ఈసారి టైరు పోతే దిగాలి, మార్చాలి, బయల్దేరాలి. అంతే.

కారుతో వచ్చిన పానా నోరు అరిగిపోయి ఉంది. శనివారం కాలేజీ ఒంటిపూటే కాబట్టి పేట బజార్లో హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్ళాను. తాతల నాటి వ్యాపారం వాళ్ళది. గల్లా పెట్టె ముందు పెద్దాయన ఉన్నారు.

"వీల్ పానా కావాలండీ. ఒక స్పానర్ల సెట్టు కూడా."

"సారు ఏ సైజు చెప్పారమ్మా?"

"సారు చెప్పలేదండీ. నాకే కావాలి."

"పోనీ ఫోన్ కలపండి, సారుతో నే మాట్లాడతా."

మా సారుకి పానాకీ పట్టకారుకీ తేడా తెలియదని కొట్లో చెప్పడం బాగుండదు. కారు బయటే ఉందని చూపించాను. ఆయన కుర్రాణ్ణి పంపించి నట్టు సైజు కనుక్కుని, పొడుగు చెయ్యి ఉన్న వీల్ పానా, మెరిసిపోతున్న స్పానర్ల పెట్టె బల్ల మీద పెట్టారు. తర్వాత నా చేతుల వైపు జాలిగా చూసి, మూరెడు పైనే ఉన్న ఇనప గొట్టం ఒకటి తీశారు. "ఆడవాళ్ళకి బలం చాలదమ్మా. పానాకి ఇది తొడుక్కోండి."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. "అయ్యో, ఇవాళ శనివారం కదండీ. ఇనుము కొనకూడదని మా ఇంట్లో పట్టింపు."

ఆయన నొచ్చుకున్నారు. "ఇనుమెక్కడిదమ్మా? క్రోమ్ వెనేడియం. చూడండి, రాసే ఉంది." నిజంగానే స్పానర్ల మీద ఇంగ్లీషులో చెక్కి ఉంది.

"మరి మీరు శనివారం కొట్టెందుకు తీస్తారండీ?"

"కొనకూడదన్నారు గానీ, అమ్మకూడదని ఎవరూ అన్లేదమ్మా."

ఇంటికొచ్చి గుమ్మంలోనే మా అత్తగారికి దొరికిపోయాను. ఇనుము కాదనీ, క్రోమ్ వెనేడియం అనీ, రాసి కూడా ఉందనీ చెప్పాను. ఆవిడ విన్నారు. లోపలికి వెళ్ళి, ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉన్న వెంకటేశ్వరస్వామి అయస్కాంతాన్ని ఊడదీసుకుని వచ్చి, పెద్ద స్పానరు మీద పెట్టారు. టక్కున అతుక్కుంది. ఆవిడ నా మొహంలోకి చూశారు. స్వామి కూడా చూస్తున్నట్టే అనిపించింది. సామానంతా ఆ రాత్రి గేటు పక్కన సంచిలో పడుకుని, ఆదివారం పొద్దున ఇంట్లోకి వచ్చింది. పదో తరగతి దాటని ఆవిడ ముందు నా పీజీ అంత తేలిగ్గా ఎప్పుడూ తేలిపోలేదు.

ఇంటి పక్కన రేకుల షెడ్డులో కారు పెడతాం. అక్కడే సాధన మొదలుపెట్టాను. ఫోన్లో వీడియోలు చూస్తే పని కష్టమైనదేమీ కాదని తెలిసింది. అసలు కష్టం వేరే ఉంది. ఆడది చేత్తో పానా పట్టుకుని నేల మీద కూర్చుంటే, వీధిలో ఏ మగవాడికీ కాళ్ళు ముందుకు సాగవు.

ముందు ఎదురింటి బాబాయిగారు వచ్చారు. ఒకప్పుడు రెండు లారీలు నడిపిన మనిషి. మంచాయన. "ఇటివ్వమ్మాయ్" అని చెయ్యి చాపుతారు. అంత పెద్దాయన అడిగితే ఇవ్వనని ఎలా అంటాం? ఇచ్చేదాన్ని. ఆయన కుర్చీ వేయించుకుని కూర్చుని, ఒక నట్టు ఊడదీసి, ఆ నట్టు చేతిలో పట్టుకునే తన లారీ నల్లగొండ దగ్గర దిగబడిన కథంతా చెప్పేవారు. కథ పూర్తయ్యేసరికి నాకు వంట వేళయ్యేది. ఆయన లేనిరోజు మా ఆయన వచ్చేవారు. "ఇటివ్వు, నీవల్ల కాదు" అనేవారు. తనవల్ల కూడా కాదని ఇద్దరికీ కాసేపట్లోనే తెలిసేది. అప్పుడాయన మెకానిక్కుకి ఫోన్ చేసేవారు. పానాలు కొని నెల దాటినా ఒక్క నట్టు కూడా మొదట్నుంచి చివరిదాకా నా చేత్తో తిప్పింది లేదు. రోజూ అదే హైవే మీద, అదే దిగులుతో వెళ్ళొస్తూనే ఉన్నాను. వెనక టైరు కాస్త చప్పుడు చేస్తే చాలు, చెయ్యి ఫోన్ వైపు పోయేది.

ఒక ఆదివారం మా అత్తగారు అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. నేను షెడ్డులో పానా పట్టుకున్నానో లేదో, బాబాయిగారు వచ్చి "ఇటివ్వమ్మాయ్" అన్నారు. నేను చెయ్యి చాపబోయాను.

"చేతికివ్వకు, కింద పెట్టు" అన్నారు మా అత్తగారు తలెత్తకుండానే.

కింద పెట్టాను. బాబాయిగారు పానా వైపు చూశారు. పానా ఆయన కాళ్ళ దగ్గరే ఉంది. కానీ మోకాళ్ళు అరిగి, కింద కూర్చోవడం డాక్టరు మాన్పించిన మనిషాయన. గొంతు సవరించుకుని, "సర్లే, నువ్వే కానియ్, నే చెప్తుంటా" అన్నారు.

ఆ క్షణం నుంచి నా అంత ఆచారవంతురాలు నందిగామలో లేదు. ఎవరు చెయ్యి చాపినా "మా అత్తయ్యగారు ఒప్పుకోరండీ" అని పానా నేల మీద పెట్టేదాన్ని. మా ఆయనకు మోకాళ్ళ బాధ లేదు గానీ తెల్ల చొక్కా బాధ ఉంది. షెడ్డులో నేలంతా నల్లటి ఆయిలు. షాపుకి బయల్దేరే మనిషి ఆ మసిలోంచి పానా ఎత్తలేక, "తర్వాత చూద్దాంలే" అని వెళ్ళిపోయేవారు. మా అత్తగారు మాత్రం ఎవరైనా గేటు తీసిన చప్పుడవగానే మిరపకాయలో, చింతపండో పట్టుకుని అరుగు మీదికి వచ్చేవారు. అదంతా ఆవిడ పట్టింపేననుకున్నాను అప్పటికి.

అలా చక్రం మార్చడం నేర్చుకున్నాను. నేను బిగించిన నట్లు నా మాట వినేవి. కొట్టు పెద్దాయన ఇచ్చిన గొట్టం తొడిగే అవసరమే రాలేదు.

తర్వాత మైలవరంలో మా అత్తగారి చెల్లెలి మనవరాలికి ఓణీల వేడుక వచ్చింది. పత్తికి మందులు కొట్టే రోజులు, మా ఆయనకు షాపు వదిలి రావడం కుదరదు. నేనూ అత్తగారూ బయల్దేరాం. ముందురోజే మా ఆయన నా మీద ప్రేమకొద్దీ కారు టైర్ల షాపుకి పంపించి, గాలి మిషన్‌తో నట్లన్నీ బిగించి తెప్పించారు. దారి పొడుగునా ఏసీ పెట్టాలా, అద్దం దించాలా అన్న వాదన నడుస్తూనే ఉంది. పరిటాల దగ్గర ఆవిడ వాదన ఆపి, పెద్ద ఆంజనేయస్వామి విగ్రహానికి దణ్ణం పెట్టుకున్నారు. చేతులు దించేలోపే కారు ఒక పక్కకి లాగింది. వెనక ఎడమ టైరు నేలకి కరుచుకుపోయింది.

"వాడికి ఫోన్ చెయ్యి" అన్నారు.

"చెయ్యనండీ" అన్నాను.

నేను దిగాను. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపాను. ముందు చక్రానికి రాళ్ళు అడ్డం పెట్టి, నట్లు వదులు చెయ్యడం మొదలుపెట్టాను. మూడు నట్లు ఒళ్ళంతా చెమటలు పట్టించి వచ్చాయి. నాలుగోది ససేమిరా అంది. పానా మీద కాలేసి తొక్కినా కదల్లేదు. ఇంకా గట్టిగా తొక్కితే పానా జారిపోతోంది. నట్టు అంచులు అరిగిపోతే ఇక ఎవరివల్లా కాదు.

"అత్తయ్యా, డిక్కీలో గొట్టముంది, తెస్తారా?"

ఆవిడ గొట్టం తీసుకుని వస్తుండగా మా వెనక తెల్ల కారొకటి ఆగింది. నల్లకళ్ళద్దాలు నెత్తిమీదికి నెట్టుకుంటూ ఒకాయన దిగాడు. మర్యాదస్తుడే. "జరగండి మేడమ్, మీవల్ల కాదు. ఇటివ్వండమ్మా" అని మా అత్తగారి వైపు చెయ్యి చాపాడు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంతదాకా వచ్చి, మళ్ళీ ఇంకొకరి చేతుల వైపు చూస్తూ నిలబడాలి. పైగా ఇది షెడ్డు కాదు, ఆయనకు మోకాళ్ళ నొప్పులూ ఉన్నట్టు లేవు. కింద పెడితే చిటికెలో తీసుకుంటాడు.

మా అత్తగారు గొట్టాన్ని కింద పెట్టలేదు. "ఇనుం పరాయోళ్ళ చేతికియ్యకూడదు నాయనా, గొడవలొస్తయ్యి. నువ్వు పక్కకుండు" అన్నారు.

ఈ పట్టింపులో 'పరాయోళ్ళు' అన్న ముక్క నేనెప్పుడూ వినలేదు. ఆవిడ శాస్త్రంలో అది అప్పుడే పుట్టింది. ఆయన బిత్తరపోయి వెనక్కి జరిగాడు. ఆవిడ ఆయన్ని దాటుకుని నా పక్కకొచ్చి, గొట్టాన్ని నా చేతికి అందించబోయారు.

నేను తీసుకోలేకపోయాను. అన్నేళ్ళ అలవాటు. "చేతికివ్వకూడదు కదండీ?"

"మనకి కొత్తగా వచ్చే గొడవేముందే? పట్టుకో."

పట్టుకున్నాను. పానాకి తొడిగి, కారుని ఆనుకుని, బరువంతా దాని మీద వేశాను. నట్టు కిర్రుమని కదిలింది. "ఎడమకి తిప్పండి మేడమ్" అన్నాడు ఆయన దూరం నుంచి. ఎడమకే తిప్పుతున్నాను. మా అత్తగారు ఊడిన నట్లను పట్టుచీర కొంగులో మూటలా పట్టుకుని నిలబడి, స్టెప్నీ ఎక్కించాక ఒక్కొక్కటే తీసి నా చేతికే ఇచ్చారు. కొంగుకి మరకలయ్యాయి. ఆవిడ చూసుకోలేదు.

ఆవిడ శాస్త్రం మాత్రం అబద్ధం కాలేదు. మైలవరం పందిట్లోనే గొడవ మొదలైంది. "నేను గొట్టం ఇయ్యబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఇంకా అక్కడే ఉండేది" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పారు. తిరుగు దారిలో ఆ మాట పట్టుకుని నేను తగులుకున్నాను. తొక్కింది ఎవరు, చెమటోడ్చింది ఎవరు అని అడిగాను. "చూశావా, చేతికిస్తే గొడవలొస్తయ్యని ఊరికే అన్లేదు" అన్నారావిడ ఎంతో తృప్తిగా.

ఇంటికొచ్చి కారు షెడ్డులో పెట్టాను. డిక్కీలోంచి పానా తీసి, సర్దడానికి పెట్టె దగ్గర నిలబడ్డ ఆవిడ ముందు అలవాటు కొద్దీ నేల మీద పెట్టాను. ఆవిడ వంగలేదు. నెల రోజులు నన్ను ఏడిపించిన ఆ మాటే అన్నారు, చెయ్యి చాపి.

"ఇటివ్వు."

ఇచ్చాను. ఆ మాటకి ఇష్టంగా పానా ఇవ్వడం నాకదే మొదటిసారి.