ఎవరని అడగని మనిషి

నిన్న మా అమ్మాయికి టీకా వేయించడానికి వెళ్లాను. దూదికి అద్దిన స్పిరిట్ వాసన ముక్కుకు తగలగానే వరలక్ష్మిగారి ముందుగది కళ్ల ముందు నిలిచింది. రామచంద్రపురంలో మా పక్కింట్లో అద్దెకుండేవారావిడ. ప్రభుత్వాసుపత్రిలో నర్సు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చీరలో కనిపించేవారు. వీధిలో ఎవరితోనూ నాలుగు మాటలకు మించి మాట్లాడేవారు కాదు. పొగరనుకునేవాళ్లం.

సెల్‌ఫోన్లు మా ఊళ్లోకి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. నేనూ, నా స్నేహితురాలు సునీతా ఇంటర్ రెండో సంవత్సరం. సునీత వాళ్లది పక్క పల్లెలో పెద్ద రైతు కుటుంబం. ఒకరోజు జువాలజీ ప్రాక్టికల్స్ మధ్యలో సునీత నా చెయ్యి పట్టుకుని బయటకు లాక్కొచ్చింది. "నెల తప్పిందే. పదిహేను రోజులైంది," అంది. సంచిలోంచి కాగితం పొట్లం తీసి చూపించింది. పేరు లేని మాత్రలు. ఎవరో తెలిసినావిడ ఇచ్చిందట. సాయంత్రం మింగేస్తానంది. "ఇంట్లో తెలిస్తే నన్ను బతకనివ్వరే," అంది. ఏమీ తోచక దాన్ని తీసుకెళ్లి వరలక్ష్మిగారి తలుపు తట్టాను.

ఆవిడ అంతా విన్నారు. "వాడెవడు?" అని అడుగుతారని నేను భయపడుతూనే ఉన్నాను. "ఆఖరిసారి నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా?" అని మాత్రం అడిగారు. తర్వాత, "ఎవరైనా నిన్ను బలవంతపెట్టారా? భయపెట్టారా?" అన్నారు. సునీత తల అడ్డంగా ఊపింది. "అలాంటిదేమైనా ఉంటే ఎప్పుడైనా చెప్పు. ఆ పొట్లం ఇటివ్వు. ఏంటో తెలియని మందు మింగితే ప్రాణం మీదికొస్తుంది."

పరీక్ష చేసి, ఫలితం కోసం కూర్చున్న ఆ ఐదు నిమిషాలు నేనింతవరకూ మరిచిపోలేదు. సునీత గోళ్లు నా అరచేతిలో దిగబడ్డాయి. పరీక్ష పట్టీ మీద ఒక్కటే గీత వచ్చింది. సునీత ఏడ్చేసింది. "ఇప్పటికి లేదు. వారం ఆగి మళ్లీ చూద్దాం. అప్పటికీ నెలసరి రాకపోతే డాక్టరమ్మగారి దగ్గరకు నేనే తీసుకెళ్తాను," అన్నారావిడ.

తర్వాత ఒక తెల్లకాగితం తీసి బొమ్మ గీశారు. గర్భం ఎలా వస్తుందో, రాకుండా కండోమ్ ఎలా ఆపుతుందో, రోజూ వేసుకునే మాత్రలు ఎవరు వాడొచ్చో, ఎవరు వాడకూడదో, జబ్బులు ఎలా అంటుతాయో, కూరలో ఉప్పు గురించి చెప్పినంత మామూలుగా చెప్పారు. "వద్దనిపిస్తే వద్దనొచ్చు. కారణం చెప్పక్కర్లేదు," అన్నారు. నా చెవులు కాలిపోతున్నాయి. "సిగ్గుపడండి, ఫర్వాలేదు. కానీ వింటూ సిగ్గుపడండి," అన్నారు.

వారం తిరగకముందే సునీత వాళ్లమ్మగారు వచ్చారు. మేమిద్దరం ఆ ఇంట్లోకి వెళ్లడం ఎవరో చూసి చెప్పారట. అప్పుడు నేను వరలక్ష్మిగారి ముందుగదిలోనే ఉన్నాను. "మా పిల్లకి ఏం నేర్పుతున్నారండి మీరు? అసలు అది ఎందుకొచ్చింది? చెప్పకపోతే మీ పెద్ద డాక్టరుగారి దగ్గరికెళ్తాను. ఉద్యోగం ఊడుతుంది!" ఒక్క మాట బయటపడితే సునీత చదువు ఆ రోజుతో సరి.

వరలక్ష్మిగారు గొంతు పెంచలేదు. "వెళ్లండమ్మా, చెప్పండి. మీ అమ్మాయి నన్నేం అడిగిందో మాత్రం చెప్పనండి. రేపు మీరు నన్నేదైనా అడిగితే, అది మీ అమ్మాయికీ చెప్పను."

ఆ తల్లి గుమ్మం దిగబోయి ఆగారు. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కొంగు వేలికి చుట్టుకుంటూ, "నాకూ ఒకటి అడగాలండి," అన్నారు. వరలక్ష్మిగారు నా వంక చూశారు. నేను లేచి బయటకొచ్చేశాను. సునీత వాళ్లమ్మగారు ఏం అడిగారో నాకు ఈనాటికీ తెలియదు. అరగంట తర్వాత ఎర్రబడ్డ కళ్లతో వచ్చి, నా తల నిమిరి వెళ్లిపోయారు. పెద్ద డాక్టరుగారి దగ్గరకు ఎవరూ వెళ్లలేదు. రెండు రోజులకు సునీతకు నెలసరి వచ్చింది. మార్చిలో ఇద్దరం పరీక్షలు రాశాం. మరుసటేడు వరలక్ష్మిగారు బదిలీ మీద వెళ్లిపోయారు. మళ్లీ చూడలేదు.

నేనిప్పుడు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. పోయిన నెల ఒక పిల్ల, క్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగి, "మేడమ్, ఒకటి అడగనా అండి? తిట్టకూడదు," అంది. అడిగింది. "ఎవడు?" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నిజం చెప్పాలంటే కోపం కూడా వచ్చింది. వరలక్ష్మిగారికీ ఆ రోజు వచ్చే ఉంటుందని నాకు మొదటిసారి తోచింది. ఆ మాట మింగేసి, కుర్చీ ఆ పిల్ల వైపు జరిపాను.