గాదెల కోటలో పిడికెడు రుచి

ఎడారి అంచున, నఫూసా కొండమీద ఒక ఊళ్లో, అందరూ ధాన్యం దాచుకునే గాదెల కోటలో మూడొందల గదులున్నాయి. పాతికేళ్లుగా వాటిలో గింజ లేదు. అయినా కాపరి సాసీ రోజూ పొద్దున్నే చెప్పులు బయట విడిచి, ఒక్కో గదిలోకి తల దూర్చి గట్టిగా గాలి పీల్చేవాడు. ఇది మసూద్ వాళ్ల బార్లీ, కరువుకి ముందేడుది. ఇది కింద మైదానం అరబ్బులు సరుకు దాచుకున్న గది, ఎండు అత్తిపళ్లు, అనుకునేవాడు. కళ్లు మూసుకుంటే గాడిదలు కొండెక్కేవి, అమ్మ చాటలోంచి పొట్టు ఎండలో తేలిపోయేది. ముసలాడికి మతి చెడిందని ఊరు నవ్వేది. అంత తియ్యగా మతి చెడే అదృష్టం ఎందరికుంటుంది?

దేశాన్నేలినవాడు కూలిపోయి రెండేళ్లయింది. కరెంటు లేదు, జీతాల్లేవు, తుపాకులు మాత్రం ఉల్లిపాయలకన్నా చవక. కొండవాళ్లకీ మైదానంవాళ్లకీ మళ్లీ చెడింది. ఒక మధ్యాహ్నం తమ్ముడి కొడుకు అక్సీల్ బండినిండా తూటాల పెట్టెలతో వచ్చాడు.

"పెదనాన్నా, మా నాన్న గది తెరుస్తున్నా. గది మాది, తాళంచెవి నా దగ్గరుంది. అడ్డం రాకు."

"నేనెందుకొస్తాన్రా అడ్డం?"

అన్నాడేగానీ సాసీ చూపు ఆ పెట్టెలమీదే ఉంది. ఒక్క పెట్టె లోపలికి పోయిందని తెలిస్తే చాలు, మైదానం నుంచి ఫిరంగి గుండు రావడానికి. తాతల కోట ఒక్క పూటలో మట్టిదిబ్బయిపోతుంది. అతను గడపమీద చతికిలబడి చెయ్యి చాచాడు.

"ఏ సరుకైనా లోపలికెళ్లేముందు కాపరి పిడికెడు నమిలి మింగాలి. పుచ్చుందో, తేముందో చూడాలిగా. మీ తాత కూడా ఈ కట్టు తప్పలేదు."

"నీ చాదస్తం తగలెయ్య! ఇంద, తిను." అక్సీల్ నవ్వుతూ ఒక తూటా అరచేతిలో పడేశాడు.

సాసీ బిస్మిల్లా అనుకుని నోట్లో వేసుకున్నాడు. నూనె కంపు. బార్లీని తలుచుకుంటూ కళ్లు మూసుకుని కొరికాడు. పటుక్కున పన్ను విరిగింది. నెత్తురు గడ్డం మీదికి కారుతున్నా, మింగడానికి తల పైకెత్తాడు.

"ఉమ్మెయ్! పెదనాన్నా, ఉమ్మెయ్, నీ కాళ్లు పట్టుకుంటా!" అక్సీల్ ముసలాడి నోట్లో వేళ్లు పెట్టి తూటా బయటికి లాగాడు.

"మనం తినే సరుకు కాదురా ఇది," అన్నాడు సాసీ.

అక్సీల్ బండి వెనక్కి తిప్పాడు. ఆ తూటాలు ఇంకెక్కడో ఎవరి బిడ్డనో వెతుక్కుంటాయని సాసీకి తెలుసు. నెత్తురు ఉమ్మేస్తూ, గడపమీదే కూర్చుని, ఏడ్చాడు.