ఖాళీ బస్సుకు ఆయమ్మ

కరోనా తగ్గి బడులు మళ్లీ తెరిచిన ఏడు, కామారెడ్డిలో ఒక ప్రైవేటు బడి బస్సుకు నేను ఆయమ్మను. మాది ఎల్లారెడ్డి రోడ్డు మీది ఊళ్ల రూటు. పిల్లలను దింపి, రోడ్డు దాటించి, తిరిగి వచ్చి బస్సు పక్క రేకును రెండుసార్లు చరచాలి. ఆ చప్పుడు వినేదాకా డ్రైవరు బ్రేకు మీది కాలు తీయకూడదు. కొత్తగా చేరినవాడు, లైసెన్సు ఎంత పాతదైనా, నెల రోజులు, పిల్లల ట్రిప్పులు అయ్యాక, ఆయమ్మ ఒక్కతితో ఖాళీ బస్సు నడపాలి; ప్రతి స్టాపులో పిల్లలున్నట్టే ఆమె దిగి రోడ్డు దాటుతుంది. ఆ నెల సగం జీతమే. పాసైనట్టు ఆయమ్మ కూడా చెప్పాలి.

ఎల్లారెడ్డి నుంచి కొత్త డ్రైవరుగా నర్సింలు వచ్చాడు. దుబాయిలో ట్రాలీలు నడిపినవాడు. మొదటి స్టాపులోనే విసుక్కున్నాడు.

“అవ్వా, పిల్లలే లేరు. ఎవరి కోసం ఆగుడు?”

“నేనున్న గద. నన్నే నర్సరీ పిల్ల అనుకో.”

“గింత ముసలి నర్సరీ పిల్లనా!” అని నవ్వాడు. ఆగాడు మాత్రం.

నెల చివరి రోజు నేను ఇంకా బస్సు ముందు నుంచి దాటుతుండగానే బండి కదిలింది. మూరెడు, అంతే. ఇంకో వారం సగం జీతం మీదే నేర్చుకోవాలని మేనేజరుకు చెప్పాను.

నర్సింలు నా దగ్గరికి వచ్చాడు. “మూరెడుకే గిట్ల జేస్తివా అవ్వా? మా ఇంటామె పొద్దుమాపు బీడీలు చేసినా ఇల్లు ఎల్తలేదు. ఇంకా గిట్లనే అయితే మళ్ల దుబాయికే పోవాలె. బిడ్డ ఇప్పుడిప్పుడే నన్ను గుర్తువడుతున్నది.”

“ఆ బిడ్డ బస్సు ముందు నిలవడితే మూరెడు జరుపుతవా?”

బస్సు తాళాలు ఇచ్చి వెళ్లిపోయాడు. మర్నాడు వచ్చాడు. నేను రెండు అన్నం డబ్బాలు తెచ్చాను, ఒకటి అతనికి.

“బయట తిని పైసలు పాడు చేయకు. మెతుకు పారేస్తే ఊకోను,” అన్నాను.

ఆ వారమంతా బస్సు ముందు కావాలనే ఆలస్యం చేశాను. చెప్పు సర్దుకున్నాను, కొంగు దులుపుకున్నాను. బండి కదలలేదు. చివరి స్టాపులో రేకు చరిచి ఎక్కితే అడిగాడు: “నర్సరీ పిల్ల పాసేనా అవ్వా?”

“పిల్ల సంగతి ఎందుకు, నువ్వు పాసైనవు. డబ్బా కడిగియ్యి.”

నేను పని మానేసేదాకా ఆ రూటులో చెప్పుకోవడానికి ఏమీ జరగలేదు. ఆ నేర్పుడు విలువ అదే. దాన్ని ఏ తల్లీ చూడదు. ఖర్చు మాత్రం ఎల్లారెడ్డిలో బీడీలు చుట్టిన ఒకామె చూసింది. ఆ ఖాళీ బస్సు నియమం సడలించమని ఇప్పటికీ అనను. నేర్చుకునే నెలకు నిండు జీతం ఇవ్వమని, మానేసిన రోజు మేనేజరుకు చెప్పి వచ్చాను.